తీగ పరిచే ముందు ఒక్క వారం కెమెరా పెట్టి చూడండి

సంపాదకులకు నమస్కారం.

నేను నర్సంపేటలో ఇరవై ఏళ్లకు పైగా టీవీలు, మిక్సీలు, సెట్‌టాప్ బాక్సులు రిపేరు చేసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. పేపరుకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. మీ జిల్లా పేజీలో నాలుగైదు లైన్ల వార్త ఒకటి ఏటా వస్తూనే ఉంటుంది, పంట కాపలాకు పెట్టిన కరెంటు తీగ తగిలి రైతు మృతి అని. ఊరి పేరు, మండలం పేరు మారతాయి, మిగతాదంతా అదే. ఒకసారి పశువుల కాపరి, ఒకసారి చేపలకు పోయిన పిల్లగాడు, ఒకసారి తీగ పెట్టిన రైతే. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో కూంబింగ్‌కు పోయిన గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ కూడా జంతువులకని పెట్టిన తీగకే బలైపోయాడు. ఆ వార్త చదివినప్పుడు బాధపడ్డాను, పేపరు మడిచి పక్కన పెట్టాను. ఆ తీగ మా ఇంటిదాకా వస్తుందని అప్పుడు అనుకోలేదు.

మా అన్నకు పాకాల వైపు అడవి అంచున రెండున్నర ఎకరాల చేను ఉంది. వానాకాలం పత్తి వేస్తాడు, యాసంగికి మక్కజొన్న. పోయిన యాసంగిలో కంకి పాలు పట్టే సమయానికి రోజూ పొద్దున పోయి చూస్తే పది సాళ్లు పడిపోయి ఉండేవి, ఇంకోరోజు పదిహేను, ఒకరోజైతే ఒక మూలంతా ఎవరో రోలర్ తొక్కించినట్టు. డబ్బాలు కట్టాడు, పాత చీరలు కట్టాడు, వెంట్రుకలు తెచ్చి గట్ల పొంట చల్లాడు, ఎవరో చెప్తే కుళ్లిన కోడిగుడ్ల నీళ్లు కూడా కొట్టాడు. ఏదీ మూడు రోజులకు మించి పనిచేయలేదు. నష్టపరిహారం కోసం ఒక ఆఫీసుకు పోతే, పందులే తిన్నాయని రుజువేంది అని అడిగారట. అన్న ఆ రోజు సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు బైండింగ్ వైరు చుట్ట ఒకటి బండి మీద వేసుకొని వచ్చాడు.

నేను ఎలక్ట్రికల్ పని చేసేవాణ్ణి కాబట్టి నాకే చూపించాడు. "రాత్రంతా మంచె మీద కూసునే వయసా నాది? నాలుగు రోజులు పెడతా, కంకి గట్టిపడంగనే తీసేస్తా" అన్నాడు. అందరూ అనేది ఇదే, నాలుగు రోజులు. పైగా ఒక ధీమా ఉంటుంది, మనిషి తగిలితే ఫ్యూజు కొట్టేస్తది కదా అని. ఇది చాలామంది చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతారు, అందుకే ఇక్కడ విడమరిచి చెప్తున్నాను. మోటార్ల లైను మీద ఉండే ఫ్యూజు పోవాలంటే ఆంపియర్ల లెక్కన కరెంటు పారాలి. మనిషి గుండె ఆగిపోవడానికి ఒక ఆంపియరులో పదో వంతు చాలు. తడి మట్టిలో వట్టి కాళ్లతో నిలబడ్డ మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు ఆ ఫ్యూజుకు లెక్కే కాదు, అది చల్లగా అలాగే ఉంటుంది, మనిషి పోతాడు. పైగా కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్న తీగను వదలలేడు. ఇదంతా అన్నకు చెప్పాను. తల ఊపాడు, వైరు చుట్ట మాత్రం కొట్టంలోకి తీసుకపోయి పెట్టాడు.

మా చిన్నబిడ్డ వరంగల్‌లో పాలిటెక్నిక్‌లో ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ కోర్సు చదువుతోంది. ఆ ఆదివారం ఇంటికి వచ్చింది. మా మాటలన్నీ విని, "పెద్దనాయినా, ఏమొస్తున్నదో చూడకుండానే తీగ పెడతవా?" అని అడిగింది. అన్న దగ్గర జవాబు లేదు. నిజంగానే ఎవరూ చూడలేదు. అడుగులు చూశాం, పడిపోయిన కర్రలు చూశాం, పందులే అనుకున్నాం. ఏ మూల నుంచి వస్తున్నాయి, ఎన్నింటికి వస్తున్నాయి, ఎన్ని వస్తున్నాయి అంటే ఊర్లో తలా ఒక మాట.

ఆమె దగ్గర ప్రాజెక్టు కోసం కొన్న రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఉంది. 2012లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి వాళ్లు పిల్లలకు ప్రోగ్రాములు రాయడం నేర్పాలని తెచ్చిన బోర్డు అది. అందులో మా బిడ్డ దగ్గరున్నది జీరో 2 డబ్ల్యూ అనే రకం, సబ్బుబిళ్లలో సగం కూడా ఉండదు, కానీ అది పూర్తి కంప్యూటరే. దానికి తగిలించుకునే కెమెరా విడిగా దొరుకుతుంది. మొదటి కెమెరా 2013లో 5 మెగాపిక్సెల్‌తో వచ్చిందట, 2016లో సోనీ సెన్సరుతో 8 మెగాపిక్సెల్‌ది వచ్చింది, 2023లో తనంతట తానే ఫోకస్ చేసుకునే 12 మెగాపిక్సెల్‌ది కూడా వచ్చింది. మాది మధ్యలో చెప్పిన 8 మెగాపిక్సెల్‌ది. అంగుళం అటు, అంగుళం ఇటు ఉండే పచ్చటి బోర్డు, మధ్యలో పెసరగింజంత లెన్సు, మొత్తం బరువు 3 గ్రాములు, అంటే దాదాపు రూపాయి బిళ్లంత. నేను పిక్చర్ ట్యూబు టీవీలు మోసిన మనిషిని, దాన్ని మొదటిసారి అరచేతిలో పెట్టుకున్నప్పుడు ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుందేమో అనిపించింది.

ఈ కెమెరాల్లో నోఐఆర్ అని ఒక రకం ఉంది, మాది అదే. దాని సంగతి టీవీ మెకానిక్‌గా నాకు చప్పున అర్థమైంది. రిమోట్ పనిచేస్తుందా లేదా అని చూడటానికి మేం రిమోట్ ముందుభాగాన్ని ఫోన్ సెల్ఫీ కెమెరాకు చూపించి బటన్ నొక్కుతాం, బల్బు వెలిగితే ఫోన్‌లో తెల్లగా కనిపిస్తుంది, మన కంటికి మాత్రం ఏమీ కనిపించదు. ఆ కనిపించని వెలుతురే ఇన్‌ఫ్రారెడ్. మామూలు కెమెరాల్లో ఆ వెలుతురు లోపలికి రాకుండా చిన్న ఫిల్టరు గాజు పెడతారు, లేకపోతే పగటి ఫొటోల్లో రంగులు చెడిపోతాయి. నోఐఆర్‌లో ఆ గాజు ఉండదు. పగలు తీస్తే ఆకులు పాలిపోయినట్టు, గులాబీ చాయగా వస్తాయి, పగటి రంగులకు అది పనికిరాదు. కానీ రాత్రి పక్కన ఇన్‌ఫ్రారెడ్ బల్బుల పలక ఒకటి వెలిగిస్తే చీకట్లో మనకు కనిపించనిదంతా దానికి కనిపిస్తుంది. జంతువు మీద టార్చి కొట్టినట్టు ఉండదు, బెదిరి పారిపోదు.

ఇక తగిలించడం మొదలుపెట్టాం. చెప్పినంత తేలిక కాలేదు, అందుకే పడ్డ తిప్పలు రాస్తున్నాను, ఇంకెవరైనా చేస్తే మా లాగా వారం పోగొట్టుకోవద్దని.

కెమెరాకూ బోర్డుకూ మధ్య కాగితంలా పల్చటి రిబ్బన్ కేబుల్ ఉంటుంది. కెమెరాతో పాటు డబ్బాలో వచ్చింది వెడల్పు కేబుల్, 15 పిన్నులది. జీరో బోర్డు మీద సాకెట్టు సన్నం, 22 పిన్నులది. అంటే ఒక చివర వెడల్పు, ఒక చివర సన్నం ఉండే కేబుల్ విడిగా కొనాలి. ఇది మాకు డబ్బా విప్పేదాకా తెలియదు, నాలుగు రోజులు ఆగాం. సాకెట్టుకు గోరంత నల్లటి గడియ ఉంటుంది, దాన్ని రెండు గోళ్లతో మెల్లగా వెనక్కి లాగాలి, ఊడబీకొద్దు, కేబుల్ మెరిసే గీతలు కాంటాక్టుల వైపు ఉండేలా నిటారుగా దూర్చి మళ్లీ గడియ నొక్కాలి. నేను నా అనుభవం మీద ధైర్యంగా దూర్చాను, తిరగేసి. కంప్యూటరు కెమెరా లేదంది. బిడ్డ తీసి మళ్లీ పెట్టింది, వచ్చింది. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోవాలి, ఇదంతా కరెంటు తీసేశాకే చేయాలి, చేతులు ముందు ఏదైనా ఇనుప వస్తువుకు తాకించి ఒంట్లో పేరుకున్న స్టాటిక్ కరెంటు పోగొట్టుకోవాలి.

తర్వాత సాఫ్ట్‌వేరు. ఇంటర్నెట్‌లో దొరికే పాఠాలు ఎక్కువగా పాతవి, రాస్పీస్టిల్ అనే కమాండుతో ఫొటో తీయమని ఉంటాయి. 2021 తర్వాత వచ్చిన సిస్టంలో ఆ పద్ధతి మారిపోయింది, ఇప్పుడంతా లిబ్‌క్యామెరా అనే కొత్త దాని మీద నడుస్తుంది. పాతవి కొడితే పనిచేయవు. ఆ సంగతి తెలుసుకోవడానికి ఆమెకు ఒక రోజంతా పట్టింది. చివరికి పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ముప్పై నలభై లైన్ల ప్రోగ్రాం రాసుకుంది, వెంట వెంట తీసిన రెండు ఫొటోలను పోల్చి చూసి తేడా ఎక్కువుంటే దాచుకోవడం, లేకపోతే వదిలేయడం. అంతే పని.

కరెంటు కోసం బోర్డుకు 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు పెట్టాం, రాత్రంతా సరిపోయింది. ఇన్‌ఫ్రారెడ్ పలకకు 12 వోల్టులు కావాలి. దానికి అన్న ఇంట్లోనే మందు ఉంది, మందు కొట్టే బ్యాటరీ పంపు. యాసంగిలో సాయంత్రానికి ఆ పంపు ఖాళీ. దాని బ్యాటరీ తీసి రెండు వైర్లు కలిపితే తెల్లారేదాకా వెలిగింది. డబ్బా కోసం మా ఇంటావిడ పాత ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా ఇచ్చింది. దానికి కన్నం కోసి గాజుముక్కను సిలికాన్‌తో అతికించి లోపల కెమెరా పెట్టాం. మొదట బల్బుల పలకను కూడా అదే డబ్బాలో పెట్టి తప్పు చేశాం. ఆ వెలుతురు గాజుకే తగిలి వెనక్కి కొట్టి ఫొటో మొత్తం సున్నం వేసిన గోడలా వచ్చింది. పలకను డబ్బా బయట, జానెడు పక్కన కట్టాకే చేను కనిపించింది. మొత్తం కలిపి మాకు ఆరు వేల పైచిలుకు అయింది, బ్యాటరీ కాక.

మొదటి రాత్రి పదకొండు వందల ఫొటోలు వచ్చాయి. అన్నీ గాలికి ఊగిన మక్క ఆకులే. రెండో రోజు ఆమె తేడా లెక్కను పెంచి, పై సగాన్ని పట్టించుకోకుండా గట్టు వెంబడి నేలను మాత్రమే చూడమని మార్చింది. ఆ రాత్రి పనికొచ్చేవి ఇరవై చిల్లర వచ్చాయి. కానీ టైము చూస్తే మధ్యాహ్నం మూడు గంటలని ఉంది, ఫొటోలో కటిక చీకటి. ఈ బోర్డులో గడియారానికి విడిగా బ్యాటరీ ఉండదు. ఆపేస్తే టైము అక్కడే ఆగుతుంది, మళ్లీ ఇంటర్నెట్ దొరికితేనే సరిచేసుకుంటుంది. అడవి అంచున సిగ్నల్ ఎక్కడిది? మూడో రోజు నుంచి గుట్ట మీద సిగ్నల్ ఉన్నచోట ఫోన్ హాట్‌స్పాట్‌తో ఆన్ చేసి, ఆపకుండా అలాగే చేనుకు తెచ్చి కట్టడం మొదలుపెట్టాం. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, ఎన్ని గంటలకు వచ్చాయో తెలియకపోతే కాపలా ఎప్పుడు కాయాలో తెలియదు, రుజువుగా చూపిస్తే ఎవరూ నమ్మరు.

ఆ తర్వాత ఐదు రాత్రులు చూశాం. నేను జీవితంలో ఎన్నో తెరలు బాగుచేశాను, ఇంత ఆత్రంగా ఏ తెరా చూడలేదు.

ఇన్‌ఫ్రారెడ్‌లో ఆకులు నల్లగా రావు, తెల్లగా వస్తాయి, చేనంతా వెన్నెల్లో పత్తి పూసినట్టు ఉంటుంది. ఆ తెలుపులో పందులు నల్లగా, కళ్లు రెండు చుక్కల్లా. వచ్చినవి ఒక మంద, పెద్దవి నాలుగు, పిల్లలు ఆరో ఏడో. ఊరంతా అడవి దిక్కు నుంచి వస్తాయని చెప్పారు, మూడు వైపులా తీగ పెట్టాలని అన్న లెక్క. అవి వచ్చింది మాత్రం వాగు వైపు నుంచి, ఒకే ఒక్క సందులోంచి, ప్రతిసారీ ఒంటిగంట నుంచి మూడు గంటల లోపు. ఒక రాత్రి ఏదుపంది వచ్చింది, ముళ్లు విప్పుకొని కర్ర మొదలు కొరుకుతూ పది నిమిషాలు కెమెరా ముందే కూర్చుంది. మరి మిగతా నష్టం? అది పగటిది. మా బిడ్డ ఎందుకైనా మంచిదని పొద్దున ఎనిమిది దాకా నడిపించింది. అన్న కాపలా దిగి చాయ్‌కి ఇంటికి పోయే ఆరు గంటలకు కోతుల మంద దిగుతోంది. అవి తినేదానికంటే విరిచి పారేసేది ఎక్కువ. సగం కంకులు వాటి ఖాతాలోవి, పందుల పేరు మీద రాసుకున్నాం.

నాలుగో రాత్రి ఫొటోల్లో 4 గంటల 52 నిమిషాలకు ఒకటి ఉంది. ఒక మనిషి.

ఎడమ గట్టు మీద నడిచిపోతున్నాడు. పంచె మోకాళ్ల మీదికి ఎగగట్టి ఉంది, భుజాన పార, టార్చి వెలుతురు నేల మీద తెల్లటి మచ్చలా పడి ఉంది. చెప్పులు కాళ్లకు లేవు, రెండూ ఎడమ చేతిలో పట్టుకున్నాడు, గట్టు బురదగా ఉంది కదా. మా కాకయ్య వరుస అయ్యే పెద్దాయన, డెబ్బై దాటాయి, కింది మడికి నీళ్లు మళ్లించడానికి పోతున్నాడు. ఆ దారిన రోజూ పోతాడని మాలో ఎవరికీ తెలియదు, అన్నకూ తెలియదు. ఐదో రాత్రి కూడా ఉన్నాడు, దాదాపు అదే టైముకు.

అన్న ల్యాప్‌టాప్ దగ్గరికి జరిగి చాలాసేపు చూశాడు. బిడ్డతో "జర పెద్దగ చెయ్యి" అన్నాడు, ఆమె కాళ్ల దగ్గర పెద్దది చేసింది. తీగ పెట్టాలనుకున్నది సరిగ్గా ఆ గట్టు మీదనే, మోకాలి ఎత్తున. అన్న ఏమీ మాట్లాడలేదు. లేచి కొట్టంలోకి పోయి వైరు చుట్ట తెచ్చి నా బండి మీద పెట్టాడు, దుకాణానికి తీసుకపో అని. ఆ ఫొటో సంగతి కాకయ్యకు ఇప్పటికీ చెప్పలేదు. చెప్పొద్దని అన్న మా అందరి దగ్గరా మాట తీసుకున్నాడు.

తర్వాత చేసింది ఇంతే. వాగు వైపు సందును తుమ్మకంపతో మూసి, దాని ముందు ఎనభై గజాల మేర సోలార్ ఝట్కా మిషన్ తీగ కట్టాం. అది సెకనుకు ఒకసారి రెప్పపాటు కంటే తక్కువసేపు దెబ్బ కొట్టి వదిలేస్తుంది, జంతువు అదిరిపడి వెనక్కి పోతుంది, చావదు. చేను చుట్టూ కట్టాలంటే మా అన్న తూగలేడు, ఎనభై గజాలే కాబట్టి తూగాడు. ఆ ఎనభై గజాలు ఎక్కడో చెప్పింది కెమెరానే. కాపలా రాత్రి తగ్గించి పొద్దున ఐదున్నర నుంచి తొమ్మిది దాకా పెట్టుకున్నాడు. నష్టం పూర్తిగా ఆగిందని రాస్తే అబద్ధం అవుతుంది. పందులు రెండుసార్లు ఇంకో పక్క నుంచి దూరాయి, కోతులు కోతులే. కానీ అంతకుముందు వారానికి పోయినంత ఆ తర్వాత పంట చేతికొచ్చేదాకా మొత్తం కలిపినా పోలేదు, ఇది నా కళ్లతో చూసిన సంగతి.

నేను అడిగేది ఏంటంటే, ఈ పని ఒక్కో రైతు ఇంట్లో పాలిటెక్నిక్ చదివే బిడ్డ ఉంటేనే జరిగేలా ఉండొద్దు. ఐదు వేల ఎకరాలకు ఒకటి చొప్పున ఊళ్లలో రైతు వేదికలు కట్టారు, ఏఈవోలు, అంటే వ్యవసాయ విస్తరణ అధికారులు ఉన్నారు. అడవి పక్కన ఉన్న మండలాల్లో, మా నర్సంపేట, కొత్తగూడ, గూడూరు, అటు ములుగు, ఏటూరునాగారం, భూపాలపల్లి వైపు, ఒక్కో వేదికలో ఇలాంటి డబ్బాలు మూడు నాలుగు పెడితే చాలు. చేను దెబ్బతిన్న రైతు సంతకం పెట్టి వారం రోజులకు తీసుకుపోతాడు, మళ్లీ తెచ్చి ఇస్తాడు. తయారు చేయడానికి బయటి కంపెనీ అక్కర్లేదు. వరంగల్‌లో పాలిటెక్నిక్‌లు, ఇంజినీరింగ్ కాలేజీలు, ఎన్‌ఐటీ ఉన్నాయి. ప్రతి ఏడూ చివరి సంవత్సరం పిల్లలు ఏదో ఒక ప్రాజెక్టు చేసి, మార్కులు వేయించుకొని అటక మీద పడేస్తారు. అవే మార్కులు దీనికి వేయండి. నా దగ్గరికి అలాంటి ప్రాజెక్టు బోర్డులు ప్రతి మే నెలలో పాత సామానుగా అమ్మకానికి వస్తాయి, ఒక్కోటి చూస్తే కడుపు తరుక్కుపోతుంది, ఎంత పనిమంతులు మన పిల్లలు అని.

అటవీ శాఖ వాళ్లకు నేను కెమెరా విలువ చెప్పనక్కర్లేదు. పులుల లెక్కకు వాళ్లు వాడేదే చెట్లకు కట్టే కెమెరాలు, 2018 లెక్కింపులో దేశం మొత్తం మీద 26,838 చోట్ల పెట్టారు. గిన్నిస్ రికార్డు కూడా వచ్చింది. పులిని లెక్కపెట్టడానికి నమ్మిన ఫొటోను పంట నష్టానికి కూడా నమ్మండి అని అడుగుతున్నాను. తేదీ, టైముతో ఉన్న ఫొటో రైతు తెచ్చి చూపిస్తే దాన్ని దరఖాస్తుకు జతచేసుకొని రసీదు ఇవ్వండి. రుజువు లేదని వెనక్కి పంపిన ప్రతి రైతూ వైరు దుకాణం మీదుగానే ఇంటికి పోతాడు, మా అన్నను చూశాను కాబట్టి చెప్తున్నాను.

ఇంత తిప్పలెందుకు, ఆన్‌లైన్‌లో సిమ్ వేసే సోలార్ కెమెరాలు దొరుకుతాయి కదా అని మా దుకాణంలోనే ఇద్దరు ముగ్గురు అన్నారు. నిజమే, సిగ్నల్ ఉన్నచోట అవి బాగానే పనిచేస్తాయి, కొనగలిగినవాళ్లు కొనుక్కోండి, నాకు అందులో పట్టింపు లేదు. మా చేను దగ్గర సిగ్నల్ లేదు. అవి చెడిపోతే విప్పడానికి లోపల నాకు అర్థమయ్యేది ఏమీ ఉండదు, కొత్తది కొనడమే. ఈ బోర్డు కెమెరాలో కేబుల్ పోతే కేబుల్, మెమరీ కార్డు పోతే కార్డు మార్చుకోవచ్చు. పోయిన నెల డబ్బాలో చీమలు పుట్ట పెడితే కెమెరా ఒక్కటి తీసి బ్రష్షుతో తుడిచి మళ్లీ పెట్టాను, ఈ చేతులతోనే. రేపు వీటిని మండలానికి నాలుగు పెడితే బాగుచేయడానికి ప్రతి ఊళ్లో మాలాంటి మెకానిక్ ఉన్నాడు. టీవీలు రిపేరుకు రావడం తగ్గి మా వాళ్లు చాలామంది హైదరాబాద్ పోయి వాచ్‌మన్లు అయ్యారు, ఈ పని ఇస్తే ఊళ్లోనే ఉంటారు.

ఇంకొక మాట, దాన్ని దాచడం తప్పవుతుంది. కెమెరా అంటే పక్క చేనువాళ్లకు అనుమానం ఉంటుంది, ముఖ్యంగా ఆడవాళ్లకు, పొద్దున పొలాల వైపు పోయేవాళ్లకు. పెట్టే ముందు చుట్టుపక్కల నలుగురికి చెప్పాలి, ఇళ్ల వైపు, బాట వైపు తిప్పొద్దు, జంతువులు లేని ఫొటోలు తుడిచేయాలి. మేం మొదట చెప్పకుండా పెట్టాం, అది మా తప్పు. తర్వాత వదిన పోయి పక్క చేన్లవాళ్లందరికీ చెప్పొచ్చింది. చెప్పాక ఇద్దరు మా చేనుకూ పెట్టండి అని అడిగారు.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. తీగ తగిలి చనిపోయినవాళ్ల వార్త వేసినప్పుడు దాని పక్కనే రెండు లైన్లు వేయండి, ఫ్యూజు మనిషిని కాపాడదని, తీగ పెట్టినవాళ్ల మీద కేసు అవుతుందని, జంతువులు వచ్చే దారి కనిపెట్టడానికి వేరే పద్ధతి ఉందని. వ్యవసాయం పేజీలో ఒకసారి ఈ కెమెరా గురించి బొమ్మలతో రాయించండి, కేబుల్ ఏ వైపు దూర్చాలో కూడా వేయించండి. వివరాలు కావాలంటే మా బిడ్డ రాసిన ప్రోగ్రాం, మేం గీసుకున్న వైరింగు కాగితం రెండూ పైసా తీసుకోకుండా ఇస్తాం.

యాసంగి మక్క ఇప్పుడే మోకాలెత్తు వస్తోంది. సంక్రాంతి దాటాక కంకిలో పాలు పడతాయి, పందులు దిగేది అప్పుడే, దుకాణాల్లో బైండింగ్ వైరు అమ్ముడుపోయేదీ అప్పుడే. అధికారులు ఈ ఉత్తరం చదివితే ఆలోపు కనీసం ఒక్క మండలంలోనైనా మొదలుపెట్టమని అడుగుతున్నాను. మా డబ్బాను ఈసారి అన్న చేను కంటే ముందు కింది మడి పక్కన కడుతున్నాం, అక్కడ మక్క వేసిన రైతు మొన్న నా దుకాణానికి వచ్చి వైరు ధర అడిగి పోయాడు.

ఇట్లు,
ఒక టీవీ మెకానిక్,
నర్సంపేట, వరంగల్ జిల్లా